పయాన్ కొడితే న్యూట్రాన్ ఎలా బయటికొస్తుంది: గోలీలాట సగమే నిజం

పయాన్‌తో (ప్రోటాన్ కన్నా తేలికైన ఒక చిన్న కణం) కార్బన్ కేంద్రకాన్ని కొడితే లోపలి న్యూట్రాన్ గోలీలాటలో గోలీ ఎగిరినట్టే బయటికొస్తుందా అని ఒకరు అడిగారు. సగం వరకు అవును. మిగతా సగం నాకు 1996లో, తిరుపతిలో ఎమ్మెస్సీ వైవాలో తెలిసింది.

బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సారు ఒక్కటే అడిగారు. 180 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల) శక్తి దగ్గర కార్బన్ 12ను పై మైనస్‌తో (ఋణ ఛార్జి పయాన్) ఒకసారి, పై ప్లస్‌తో (ధన ఛార్జి పయాన్) ఒకసారి కొట్టి, కార్బన్ 11, అంటే ఒక న్యూట్రాన్ పోయిన కార్బన్, ఎంత తయారైందో చూస్తే మొదటిదానికి, రెండోదానికి నిష్పత్తి ఎంత? గడగడా చెప్పేశాను. ఆ శక్తి దగ్గర పయాన్, న్యూక్లియాన్ (ప్రోటాన్ లేదా న్యూట్రాన్) కలిసి లిప్తపాటు డెల్టా అనే కణం అవుతాయి. న్యూట్రాన్‌ను కొట్టే అవకాశం పై మైనస్‌కు 9 వంతులు, పై ప్లస్‌కు ఛార్జి మార్పిడి (పయాన్, న్యూట్రాన్ ఛార్జి మార్చుకోవడం) కలుపుకొని 3 వంతులు. కాబట్టి 3.

"మరి కొలిస్తే ఒకటిన్నరే వచ్చిందే, ఎందుకు నాయనా?"

నోరు ఎండిపోయింది. జిరాక్స్ షాపులో కొన్న నోట్సులో ఆ మాటే లేదు. ఆ నోట్సుల మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు. ప్రయోగంలో ఏం వచ్చిందో చెప్పని ఫిజిక్స్ పుస్తకం పిల్లల చేతికి ఇవ్వనే కూడదు.

సారు చాక్‌పీసును మూడు ముక్కలు చేసి టేబుల్ మీద వరసగా పెట్టారు. మొదటిదాంతో రెండోదాన్ని నెట్టారు. అది పోయి మూడోదానికి తగిలింది, మూడోది కింద పడింది. "నువ్వు మొదటి దెబ్బే లెక్కేశావు" అన్నారు.

అసలు సంగతి అదే. పై మైనస్ దెబ్బ తిన్న న్యూట్రాన్ ప్రతిసారీ నేరుగా బయటికి రాదు. దారిలో ఒక ప్రోటాన్‌తో ఛార్జి మార్చుకుంటే వెళ్ళిపోయేది ప్రోటాన్, మిగిలేది బోరాన్ 11. మన లెక్కలో ఒకటి తగ్గినట్టే. పై ప్లస్ అయితే ప్రోటాన్‌నే గట్టిగా కొడుతుంది. ఆ ప్రోటాన్ దారిలో న్యూట్రాన్‌గా మారి బయటపడితే కార్బన్ 11 ఒకటి పెరుగుతుంది. నిష్పత్తిలో పై మైనస్ అంకె తగ్గి, పై ప్లస్ అంకె పెరిగితే 3 కాస్తా 1.5 దగ్గరికి వస్తుంది. 1970ల్లో స్టెర్న్‌హైమ్, సిల్బార్ అనే భౌతిక శాస్త్రవేత్తలు వేసిన లెక్క ఇదే. కార్బన్ 11 అర్ధాయుష్షు 20 నిమిషాలు కాబట్టి కొట్టాక తీరిగ్గా లెక్కపెట్టొచ్చు గానీ, అలా లెక్కపెట్టేవాళ్ళకు ఏం మిగిలిందో తెలుస్తుంది తప్ప ఏది ఏ దారిన పోయిందో తెలియదు.

ఇంకోటి, పయాన్ ఒక్కోసారి బయటికే రాదు, కేంద్రకం దాన్ని మింగేస్తుంది. ఒంటరి న్యూక్లియాన్ దాన్ని మింగలేదు, శక్తి, ద్రవ్యవేగం రెండూ ఒకేసారి సరిపడవు. కనీసం రెండు కలిసి మింగాలి. అప్పుడు దాని 140 ఎంఈవీ ద్రవ్యరాశి కూడా శక్తిగా మారి ఆ రెంటినీ చెరో వైపుకు విసిరేస్తుంది. సారు ఇది కూడా మొదలుపెట్టారు, ఈలోపు తర్వాతి అమ్మాయిని పిలిచారు. ఆ సాయంత్రం లైబ్రరీ మూసేదాకా కూర్చుని నేనే వెతుక్కున్నాను.