మా పెద్దమ్మ, రెండు పసుపు మాత్రలు

"చదువు రాకపోతే వైద్యానికి వచ్చిన ఇబ్బందేంటి? ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు నోటితోనే చెప్తారు కదా" అని ఒకరు అడిగారు. చెప్తారు, నిజమే. ఎంతసేపు చెప్తారో కూడా ఒకసారి చూడండి.

మా పెద్దమ్మకి కీళ్లవాతం. అక్షరమ్ముక్క రాదు కానీ జ్ఞాపకం మాత్రం అమోఘం, ఇరవై ఫోన్ నంబర్లు గడగడా అప్పజెప్తుంది. డాక్టరు మెథోట్రెక్సేట్ రాశారు. అది వారానికి ఒక్క రోజే వేసుకోవాల్సిన మందు. ఒంట్లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ పనిని అడ్డుకుంటుంది కాబట్టి మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోమన్నారు. రెండూ బుల్లి పసుపు మాత్రలే. "సోమవారం ఇది, తక్కిన రోజులు ఇది. అర్థమైందా?" అన్నారు. పెద్దమ్మ తలూపింది. బండి ఎక్కడ పెట్టానో ఆలోచిస్తూ పక్కన నేనూ ఊపాను.

ఆవిడ పెట్టుకున్న గుర్తు ఒక్కటే: షాపతను మాత్రల అట్టలోంచి కత్తిరించిచ్చిన చిన్నముక్క సోమవారానిది, పెద్ద అట్ట రోజూ వేసుకునేది. మొదటి నెల బాగానే నడిచింది. రెండో నెల షాపతను మెథోట్రెక్సేట్ అట్ట మొత్తం ఇచ్చి, ఫోలిక్ యాసిడ్‌ని కత్తిరించి ఇచ్చాడు. (ఈ కత్తిరింపుల మీద నాకు ఎప్పట్నుంచో కోపం. పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో పోతాయి.)

పది రోజులకల్లా నోరంతా పుండ్లు, నీళ్లు కూడా మింగలేకపోయింది. వేడి చేసిందనుకున్నాం. జ్వరం వచ్చాక గానీ ఆస్పత్రికి తీసుకెళ్లలేదు. రక్తపరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మందుల సంచీ మంచం మీద బోర్లించి, "రోజూ ఏది వేసుకుంటున్నారో చూపించండమ్మా" అంది. పెద్దమ్మ తడుముకోకుండా మెథోట్రెక్సేట్ అట్ట తీసిచ్చింది. ఎనిమిది గుంతలు ఖాళీ. ఆ డాక్టరమ్మ ఏమీ అనలేదు, పరుగులాంటి నడకతో బయటికి వెళ్లింది. మెథోట్రెక్సేట్‌కి విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు, తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. బతికి బయటపడింది. ఈ మందు పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

"అనుమానం వస్తే అడగొచ్చు కదా" అని కసురుకున్నాను. "అడిగితే చీటీలో ఉంది చూసుకోమంటార్రా" అంది.

ఇక నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోకపోయినా పర్లేదు. "అర్థమైందా?" అనే ప్రశ్నని ఆస్పత్రుల్లో నిషేధించాలి. దానికి కాదని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. చదువు రాదని చెప్పుకోలేక కళ్లజోడు మర్చిపోయానని అనేవాళ్లు, ఏ కాగితమిచ్చినా మడిచి జేబులో పెట్టుకునేవాళ్లు ఎంతమందో. ఆపరేషన్‌కి ముందు సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించుకుంటారే, అందులో ఏముందో ఎంతమందికి చదివి వినిపిస్తున్నారు?

చదవడం వచ్చినంత మాత్రాన సరిపోతుందా అంటే, అదీ లేదు. 2006లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, చదువు అంతంతమాత్రంగా వచ్చిన రోగుల్లో దాదాపు 70 శాతం మంది "రెండేసి మాత్రలు రోజుకు రెండుసార్లు" అన్న సూచనని సరిగ్గానే చెప్పారు. రోజుకి ఎన్ని మాత్రలో లెక్కపెట్టి చూపించమంటే సరిగ్గా చూపించినవాళ్లు మూడోవంతే. అందుకే ఆ డాక్టరమ్మ అడిగినట్టు "చూపించండి" అనాలి. మొదటి రోజే ఆ మాట అని ఉంటే అర నిమిషం పట్టేది.

ఇప్పుడు ప్రతి సోమవారం పొద్దున్నే పెద్దమ్మ వీడియో కాల్ చేసి అట్టని కెమెరాకి ఆనిస్తుంది. నేను పేరు చదివితేనే మాత్ర వేసుకుంటుంది. మొన్న నిద్రమత్తులో చూడకుండానే "ఆ, అదే" అన్నాను. "ముందు కళ్లు తెరిచి చదవరా" అని తిట్టింది.