ప్రదర్శనకు గ్రాంటు వచ్చింది, హార్మోనియం మాత్రం బాగుపడలేదు

"చిన్న ఊళ్లలోని కళాసంస్థలకు గ్రాంటులు ఇస్తే అవి నిజంగా నిలదొక్కుకుంటాయా?" అని అడిగారు. తెనాలి ప్రాంతంలోని ఒక పద్యనాటక సమాజానికి పదకొండేళ్లు కోశాధికారిగా ఉన్న అనుభవంతో చెబుతున్నాను: ఒక్క రాత్రి ప్రదర్శనకు ఇచ్చే డబ్బుతో ఏ సమాజమూ నిలబడదు. ఏడాది పొడవునా సాధన సాగడానికి ఇస్తేనే నిలబడుతుంది.

ఒక ఏడాది మాకు ప్రదర్శన కోసం 2 లక్షల రూపాయల గ్రాంటు మంజూరైంది. అందులో 75 శాతం ముందుగా, మిగిలిన 25 శాతం ప్రదర్శన పూర్తయి, చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం చేసిన వినియోగ ధ్రువపత్రం (సొమ్మును మంజూరైన పనికే ఖర్చుచేశామని చూపే పత్రం) అందాక ఇస్తామన్నారు. మొదటి విడత ఫిబ్రవరి చివర బ్యాంకులో పడింది, మార్చి 31లోగా ఖర్చు చూపాలన్నారు. అప్పటికి మా హార్మోనియం గాలితిత్తి చిరిగి ఆరు నెలలైంది. బాగుచేయించడానికి 6 వేలు చాలు, కానీ మంజూరైన పద్దులలో మరమ్మతులు లేవు, ప్రచారానికి మాత్రం 15 వేలు ఉన్నాయి. ఒక పద్దు సొమ్మును మరొక పద్దుకు మార్చకూడదన్నారు కాబట్టి ఆ 15 వేలతో ఫ్లెక్సీలు కట్టించి, తిత్తికి పట్టీలు అంటించి నాటకానికి దిగాము.

రాయబారం ఘట్టంలో మా రెండో కృష్ణుడు (ఆ పాత్రను వంతులుగా వేసే నటుల్లో రెండో ఆయన) పద్యం ఎత్తుకుని రాగం తీస్తుండగా పట్టీ ఊడిపోయి శ్రుతి కుంగిపోయింది. డెబ్బై ఏళ్లు దాటిన మా హార్మోనిస్టు ఒక చేత్తో తిత్తిని అదిమిపట్టుకుని, రెండో చేత్తో మెట్లు నొక్కుతూ, తానే గొంతు కలిపి శ్రుతి అందించారు. జనం వన్స్ మోర్ అన్నారు. నేను తెర పక్కన నిలబడి ఏడ్చాను.

తరువాత లెక్కల దగ్గర అంతకన్నా కష్టపడ్డాము. డ్రస్సులు, తెరలు అద్దెకిచ్చే ఆయన దగ్గర అచ్చు బిల్లు ఉండదు, హార్మోనిస్టుకు అప్పటికి బ్యాంకు ఖాతా లేదు. రెవెన్యూ స్టాంపు అంటించి సంతకాలు తీసుకున్న రసీదులను ఒప్పుకోలేదు. రెండో విడత పద్నాలుగు నెలల తరువాత వచ్చింది, అప్పటిదాకా నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పును సభ్యులమే మోశాము.

కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వశాఖ గురుశిష్య పరంపర పథకాన్ని నేను మెచ్చుకునేది ఇందుకే. నాటకరంగంలో ఒక గురువుకు, గరిష్ఠంగా 18 మంది శిష్యులకు నెలవారీ భృతి లెక్కకట్టి ఇస్తారు, గురువుకు అది 15 వేల రూపాయలు. ప్రదర్శన ఉన్నా లేకపోయినా నేర్పేవారికీ నేర్చుకునేవారికీ జీవనం గడవాలన్న ఆలోచన అందులో ఉంది. అయితే చార్టర్డ్ అకౌంటెంట్‌కు ఫీజు ఇచ్చుకోలేని సమాజాలు ఇలాంటి వాటికి దరఖాస్తు దగ్గరే ఆగిపోతున్నాయి.

దాతల వైపు నుంచీ ఇబ్బందులున్నాయి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మా ఊరి అబ్బాయి హార్మోనియం కొనిపెడతానన్నాడు, కానీ విదేశీ విరాళాల చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సమాజం ఆ డబ్బు తీసుకోకూడదు. ఇక స్థానిక దాతలు శాలువాలకూ జ్ఞాపికలకూ వేలు ఖర్చు పెడతారు గానీ, సాధన చేసే గదికి అద్దె కట్టమంటే ముందుకు రారు. ఒక కళాకారుడి ఇంట్లో ఇరవై జ్ఞాపికలుండి, తబలాకు కొత్త తోలు మూత వేయించే స్తోమత లేకపోవడం నేను కళ్లారా చూశాను.

మీరు సమాజం నడుపుతున్నట్లయితే ముందు కళాకారులందరిచేతా బ్యాంకు ఖాతాలు తెరిపించండి, మూడేళ్ల లెక్కలు ఆడిట్ చేయించండి. దరఖాస్తులో పద్దులు రాసేటప్పుడు వాద్యాల మరమ్మతు, గది అద్దె, ఆడిట్ ఫీజు తప్పకుండా అడగండి. మంజూరు కాకపోయినా అడగండి. మా హార్మోనియం చివరికి ఊళ్లో ఇంటింటికీ తిరిగి వసూలు చేసిన డబ్బుతోనే బాగుపడింది.