ఎస్‌ప్రెసో మెషీన్: ఖరీదు దేనికి, లాభం ఎక్కడ?

ఇంట్లో వాడే ఖరీదైన ఎస్‌ప్రెసో మెషీన్ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: మా ఇంట్లో ఒకే బాయిలర్ ఉన్న చిన్న మెషీన్ ఉంది. మొదటి కప్పు బాగుంటుంది, వెంటనే తీసిన రెండోది పుల్లగా వస్తుంది. రెండు బాయిలర్లు, ఈ61 రకం గ్రూప్ (పొడి మీద నీళ్లు వదిలే తల భాగం) ఉన్న మెషీన్‌కి దీనికి నాలుగింతల ధర చెబుతున్నారు. అంత పెడితే తేడా తెలుస్తుందా? – హైదరాబాద్

జవాబు: తెలుస్తుంది. అయితే ముందు ఆ పులుపు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. మీ మెషీన్‌లో బాయిలర్ చిన్నది, దాని వేడిని అదుపు చేసేది మామూలు థర్మోస్టాట్. అది ఒక వేడి దగ్గర ఆగిపోతుంది, బాగా చల్లారితే గానీ మళ్లీ అందుకోదు. ఈ మధ్యలో నీటి వేడి పది డిగ్రీలకు పైగా ఊగడం మామూలే. రెండో కప్పు తీసే సమయానికి బాయిలర్‌లోకి చన్నీళ్లు చేరి ఉంటాయి, థర్మోస్టాట్ ఇంకా అందుకుని ఉండదు. 93 డిగ్రీల దగ్గర తగలాల్సిన నీళ్లు 87, 88 దగ్గర తగిలితే పొడిలోని పులుపు ముందుగా దిగుతుంది, తీపి పూర్తిగా దిగదు.

దీనికి మందు పీఐడీ కంట్రోలర్. బాయిలర్ మీద సెన్సర్, హీటర్‌కి సాలిడ్ స్టేట్ రిలే (ఎలక్ట్రానిక్ స్విచ్), వాటి మధ్య ఈ చిన్న పెట్టె. వేడి ఎంత తగ్గిందో, ఎంత వేగంగా తగ్గుతోందో లెక్క చూసుకుని హీటర్‌కి కరెంటును చిన్న చిన్న విడతల్లో ఇస్తుంది. బాయిలర్ వేడి డిగ్రీ అటూ ఇటూగా నిలబడుతుంది. మీరు పాలు కలపని కాఫీయే తాగేవారైతే ఉన్న మెషీన్‌కే పీఐడీ పెట్టించుకోండి, కప్పుకీ కప్పుకీ మధ్య ఒక నిమిషం ఆగండి. నాలుగింతల ధర పెట్టాల్సిన పని లేదు.

పాలు కలిపేవారి సంగతి వేరు. కాఫీకి 93 డిగ్రీలు కావాలి, పాలు నురగెత్తడానికి 1.2 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) ఆవిరి కావాలి, అంటే బాయిలర్‌లో సుమారు 123 డిగ్రీలు. ఒకే బాయిలర్ ఈ రెంటి మధ్య ఎక్కుతూ దిగుతూ ఉండాలి. 1961లో ఫాయెమా కంపెనీ తెచ్చిన ఈ61 ఈ చిక్కును హీట్ ఎక్స్‌ఛేంజర్‌తో విప్పింది. ఆవిరి బాయిలర్ మధ్య నుంచి పోయే గొట్టంలో కాఫీ నీళ్లు కాగుతాయి. నాలుగు కిలోల దాకా బరువుండే ఇత్తడి గ్రూప్‌లోకి వేడినీళ్లు పైగొట్టం గుండా ఎక్కి, కాస్త చల్లారి, కింది గొట్టం గుండా తిరిగి వెళ్తూ దాన్ని ఎప్పుడూ వేడిగా ఉంచుతాయి. దీనికి ఒక లోపం ఉంది: చాలాసేపు ఖాళీగా ఉంటే గొట్టంలోని నీళ్లు మితిమీరి కాగుతాయి. షాట్‌కి (ఒక విడత కాఫీ తీయడానికి) ముందు నీళ్లు వదిలి, ఆవిరి చిటపట ఆగి ధార నున్నగా అయ్యాక పోర్టాఫిల్టర్ (పొడి పెట్టే పిడి ఉన్న భాగం) బిగించాలి.

ఫ్లోరెన్స్‌కి చెందిన లా మార్జోకో 1970లో జీఎస్ మోడల్‌తో కాఫీకి ఒక బాయిలర్, ఆవిరికి ఒకటి పెట్టింది. అంతకన్నా పెద్ద మార్పు గ్రూప్‌ని బాయిలర్‌లో భాగం చేయడం. కాఫీ బాయిలర్ నీళ్లే గ్రూప్ లోపలి దాకా నిండి ఉంటాయి కాబట్టి దారిలో వేడి పోదు. ఈ61 గ్రూప్ ఉన్న మెషీన్లలో మాత్రం బాయిలర్ ఎంత కచ్చితంగా ఉన్నా గ్రూప్ వేడెక్కడానికి అరగంట నుంచి నలభై నిమిషాలు పడుతుంది. డిస్‌ప్లేలో 93 కనబడగానే షాట్ తీస్తే మళ్లీ పులుపే. బెజెరా బీజెడ్10 లాంటి మెషీన్లలో గ్రూప్‌కే విడిగా హీటర్ ఉంటుంది, అవి త్వరగా సిద్ధమవుతాయి.

అందుకే బాయిలర్లు ఎన్నని కాదు, గ్రూప్ ఎలా వేడెక్కుతుందని అడిగి కొనండి. ఈ61 గ్రూప్ ముందు వైపు చిన్న ఎం6 ప్లగ్ ఉంటుంది. దాన్ని తీసి, ఆ చోట సరిపోయే థర్మామీటర్ బిగించి, రెండేసి నిమిషాల తేడాతో మూడు షాట్లు తీయించి చూడండి. మూడింటికీ అంకె డిగ్రీ, డిగ్రీన్నర లోపే ఉంటే ఆ మెషీన్ ధరకు తగినదే.

ప్రశ్న: "15 బార్", "20 బార్" అని పెట్టె మీద రాస్తారు. ఎక్కువ ఉంటే మంచిదేనా? – రాజమహేంద్రవరం

జవాబు: కాదు. నీళ్లు అసలు కదలనప్పుడు పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడి అది. పొడి మీద పడాల్సింది 9 బార్. మంచి మెషీన్‌లో ఓవర్ ప్రెషర్ వాల్వు మిగతా నీళ్లను ట్యాంకులోకి తిప్పేస్తుంది. రంధ్రాలు లేని బాస్కెట్ (పొడి పోసే గిన్నె) పెట్టి పంపు వేస్తే గేజ్ 10 దగ్గర ఆగాలి, అప్పుడు షాట్‌లో 9 దగ్గరగా పడుతుంది. 12 చూపిస్తే ఆ వాల్వు స్క్రూని పావు చుట్టు వదులు చేసి మళ్లీ చూడండి. రోటరీ పంపు పెద్దగా చప్పుడు చేయదు, ఒత్తిడి ఒక్కసారిగా అందుకుంటుంది, కానీ వైబ్రేషన్ పంపు కన్నా రుచి మెరుగవుతుందనుకోకండి. రోటరీ పంపును నేరుగా నల్లాకు కలపాలనుకునేవారు ఒకటి గమనించాలి: మిద్దె మీది ట్యాంకు నీళ్లకు పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ మాత్రమే వస్తుంది. మామూలు ఇంట్లో అది అర బార్ కూడా ఉండదు, మెషీన్‌లోని ట్యాంకే వాడండి. నీళ్లు లేకుండా తిరిగితే రోటరీ పంపు లోపలి రెక్కలు అరిగిపోతాయి.

ప్రశ్న: ఈ61 మెషీన్‌కి ఫ్లో కంట్రోల్ విడిగా కొని బిగించుకోవచ్చా? లేత రోస్ట్ అరకు గింజలకు పనికొస్తుందా? – విశాఖపట్నం

జవాబు: రెంటికీ అవుననే జవాబు. ఈ మధ్య వచ్చిన మెరుగుల్లో ఇంట్లో వాడేవారి చేతికి నిజంగా ఉపయోగపడేది ఇదేనని మా అభిప్రాయం. గ్రూప్ నెత్తిన పుట్టగొడుగు ఆకారంలో ఉండే భాగంలో సన్నని రంధ్రమున్న జిక్లర్ ఉంటుంది, నీటి వేగాన్ని నిర్ణయించేది అదే. ఫ్లో కంట్రోల్ కిట్ ఆ భాగం స్థానంలో నీడిల్ వాల్వు పెడుతుంది. పైన పిడి తిప్పితే దారి వెడల్పు మారుతుంది.

మెషీన్ ఆపి, కరెంటు ప్లగ్ తీసి, రెండు మూడు గంటలు పూర్తిగా చల్లారనివ్వండి. లీవర్ ఎత్తి మిగిలిన ఒత్తిడి వదిలేయండి. క్రోమ్ గీతలు పడకుండా గుడ్డ చుట్టి పెద్ద స్పానర్‌తో పైభాగం విప్పండి. కింద ఉన్న స్ప్రింగ్ ఏ వరుసలో ఉందో ఫొటో తీసుకుని మరీ తీయండి. కొత్త భాగానికి వచ్చిన వాషర్ వేసి బిగించండి, మోకాటితో తొక్కినంత బలం అక్కర్లేదు. మళ్లీ వేడయ్యాక కారుతోందేమో చూడండి.

బిగించాక చాలామంది వదిలేసే పని కొలత. పోర్టాఫిల్టర్ లేకుండా లీవర్ ఎత్తి, పది సెకన్ల నీళ్లు కాటా మీద పట్టండి. పిడి ఎక్కడుంటే సెకనుకు 2 గ్రాములు, ఎక్కడుంటే 4, పూర్తిగా తెరిస్తే ఎంత అన్నది రాసుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి: మెషీన్ ముందున్న పంపు గేజ్ వాల్వుకి ముందు ఉండే ఒత్తిడిని చూపిస్తుంది. మీరు వాల్వు మూసినా అది 9 దగ్గరే నిలబడి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. గ్రూప్ మీద బిగించే గేజ్ కూడా ఉన్న కిట్‌నే కొనండి.

లేత రోస్ట్ గింజ గట్టిగా ఉంటుంది, మెత్తగా మర ఆడించాలి. అలాంటి పొడి మీద ఒక్కసారిగా 9 బార్ పడితే పక్కనుంచి చీలి నీళ్లు దారి చేసుకుంటాయి. 18 గ్రాముల పొడికి సెకనుకు 2 గ్రాముల చొప్పున మొదలుపెట్టండి. గ్రూప్ గేజ్ 2, 3 బార్ దగ్గరకు వచ్చి బాస్కెట్ అడుగున తొలి చుక్కలు కనబడగానే వాల్వు నెమ్మదిగా తెరిచి 9కి తీసుకెళ్లండి. చివరి పది గ్రాముల దగ్గర 6కి దించండి. కప్పులో 40 నుంచి 45 గ్రాములు పడ్డాక ఆపండి. మొత్తం నలభై సెకన్లు దాటినా కంగారు పడకండి. చికోరి కలిపిన పొడికి మాత్రం ఇదంతా దండగ.

ప్రశ్న: బోరు నీళ్లు, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 900. ఆర్‌వో నీళ్లు 25 చూపిస్తున్నాయి. అవి పోస్తే ఆవిరి గొట్టం నుంచి నీళ్లు కక్కుతోంది. మెషీన్ చెడిపోయిందా? – కర్నూలు

జవాబు: మెషీన్‌కి ఏమీ కాకపోయి ఉండొచ్చు. ఆవిరి బాయిలర్‌లో నీటిమట్టం చూసే ప్రోబ్ ఒక లోహపు కడ్డీ. నీళ్లు దాన్ని తాకి కరెంటు పారితేనే "నిండింది" అని పంపు ఆగుతుంది. లవణాలు లేని నీళ్లలో కరెంటు సరిగా పారదు, పంపు పోస్తూనే ఉంటుంది, ఆవిరి ఉండాల్సిన జాగా నీళ్లతో నిండిపోతుంది. అంత పలచని నీళ్లు లోహాన్ని కూడా తింటాయి.

ఆర్‌వో మీద ఉండే టీడీఎస్ స్క్రూ తిప్పి సరిచేయకండి. అది బోరు నీళ్లనే కొంత కలుపుతుంది, సున్నం, క్లోరైడు రెండూ తిరిగి వస్తాయి. క్లోరైడు స్టీలు బాయిలర్‌కి చిల్లులు పెడుతుంది. సాఫ్ట్‌నర్ పెట్టినా సున్నం పోతుందే గానీ క్లోరైడు పోదు.

చేయాల్సింది తేలిక: ఆర్‌వో నీళ్లలో లీటరుకు 100 మిల్లీగ్రాముల పొటాషియం బైకార్బొనేట్ కలపండి, ఆహారానికి పనికొచ్చే రకం. 20 లీటర్ల క్యాన్‌కి 2 గ్రాములు. అది దొరక్కపోతే వంటసోడా 1.7 గ్రాములు అదే పని చేస్తుంది. కొలవడానికి 0.1 గ్రాము చూపే చిన్న కాటా చాలు. ప్రోబ్ పని చేస్తుంది, లోహానికి రక్షణ ఉంటుంది, కాల్షియం పెరగదు కాబట్టి సున్నం పట్టదు. అక్వేరియం షాపుల్లో దొరికే కేహెచ్ (నీటిలో బైకార్బొనేట్ కొలత) చుక్కల కిట్‌తో సరిచూసుకోండి, మూడు డిగ్రీల దగ్గర ఉండాలి. టీడీఎస్ మీటర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, నీళ్లలో ఉన్నది ఉప్పో సున్నమో అది చెప్పదు.

ఆవిరి పోతుంది, లవణాలు బాయిలర్‌లోనే మిగిలి చిక్కబడతాయి. రోజూ ఓ పెద్ద గ్లాసు వేడినీళ్లు హాట్ వాటర్ ట్యాప్ నుంచి తీసి పారబోయండి. ఇప్పటికే బోరు నీళ్లు పోసి ఉంటే ఇంట్లో సిట్రిక్ యాసిడ్ పోయకండి. ఊడిన సున్నం పెచ్చులు జిక్లర్‌లోనో, సోలినాయిడ్ వాల్వులోనో (కరెంటుతో తెరుచుకునేది) ఇరుక్కుంటాయి. బాయిలర్ విప్పగల మెకానిక్‌కి ఇవ్వండి.

ప్రశ్న: డాలస్‌లో వాడిన మెషీన్‌ను విజయవాడ తెచ్చుకుంటున్నాం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుందా? – టెక్సస్

జవాబు: హీటర్ వరకు సరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా 120 వోల్టుల మెషీన్‌ను 230కి కలిపితే హీటర్ మీద దాదాపు 3.7 రెట్ల భారం పడుతుంది, 1400 వాట్ల కాయిల్ 5,000 వాట్లు లాగబోయి కాలిపోతుంది. 1600 వాట్ల మెషీన్‌కి కనీసం 2 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

అయితే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. వైబ్రేషన్ పంపు సెకనుకు 60 సార్లకు బదులు 50 సార్లే కొడుతుంది, నీళ్లు తగ్గుతాయి, కాయిల్ మామూలు కన్నా వేడెక్కుతుంది. రోటరీ పంపు మోటారు కూడా ఆరో వంతు నెమ్మదిస్తుంది. వైబ్రేషన్ పంపయితే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ పంపు తెప్పించి, దాని వైరును కంట్రోల్ బోర్డు నుంచి విడిగా రిలే ద్వారా నడపాలి. హీటర్లు, సోలినాయిడ్ కాయిళ్లు, బోర్డు అన్నీ మార్చే ఖర్చు చూస్తే అక్కడే అమ్మేసి ఇక్కడ కొనుక్కోవడం మేలు. ఏ మెషీన్ తెచ్చినా 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఉండి తీరాలి. మెషీన్ ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ పడిపోతుంటే దాన్ని తీసేయకండి, హీటర్ లీకవుతోందేమో పరీక్ష చేయించండి.

ప్రశ్న: ఈ61 లీవర్ కిర్రుమంటోంది. పోర్టాఫిల్టర్ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. – వరంగల్

జవాబు: రెండు వేర్వేరు జబ్బులు. డిటర్జెంట్ పొడితో తరచూ బ్యాక్‌ఫ్లష్ చేస్తే (రంధ్రాలు లేని బాస్కెట్ పెట్టి పంపు నడిపి గ్రూప్ కడిగితే) లీవర్ కామ్ మీది గ్రీజు కొట్టుకుపోతుంది. పక్క నట్టు విప్పి, కామ్ తుడిచి, ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. ఇకపై డిటర్జెంట్ నెలకోసారి చాలు, మిగతా రోజుల్లో ఉత్త నీళ్లతో చేయండి. కారడానికి కారణం గట్టిపడిన గ్యాస్కెట్, అంటే గ్రూప్‌లో పోర్టాఫిల్టర్ అంచుకు ఆనే మెత్తని వలయం. సన్నని స్క్రూ గుచ్చి పాతది లాగేయండి, గాడిలో కరుడుగట్టిన కాఫీ పిప్పిని గీకండి, ఏటవాలు అంచు పైకి ఉండేలా కొత్తది నొక్కండి. సిలికాన్‌ది కొంటే రబ్బరు కన్నా ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది.