స్టార్టప్‌లో మైక్రోబయాలజిస్టు ఉద్యోగం: చేరే ముందు ఏం అడగాలి?

ప్రశ్న: మా అమ్మాయి కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పూర్తి చేసింది. జడ్చర్ల దగ్గర ఒక ఫార్మా కంపెనీలో క్యూసీ (నాణ్యత పరీక్షల) ఉద్యోగం వచ్చింది. శామీర్‌పేట వైపు జీవ ఎరువులు తయారుచేసే ఒక స్టార్టప్ కూడా రమ్మంటోంది. అక్కడ పదిమంది కూడా లేరు, జీతం నాలుగు వేలు తక్కువ. అమ్మాయి మనసేమో దాని మీదే ఉంది. రేపు మూసేస్తే ఎలా అని మాకు టెన్షన్. పైగా రోజంతా బ్యాక్టీరియాతో పని. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, జనగామ

జవాబు: పంపించండి, కానీ ఒక విషయం తేల్చుకున్నాకే. ఆ ల్యాబ్‌లో మీ అమ్మాయికి పైన, ఫెర్మెంటర్ (బ్యాక్టీరియాను పెద్ద ఎత్తున పెంచే ట్యాంకు) స్వయంగా నడిపిన సీనియర్ ఒక్కరైనా ఉన్నారా? ఉంటే నాలుగు వేల గురించి బాధపడకండి. అలా కాకుండా, ఇప్పుడే చదువు ముగించిన అమ్మాయే ఆ కంపెనీ మొత్తానికి ఏకైక మైక్రోబయాలజిస్టు అయ్యేటట్లయితే వద్దు, జడ్చర్లకే వెళ్లమనండి. కంపెనీ మూతపడితే ఇంకో ఉద్యోగం వెతుక్కోవచ్చు. నేర్పేవాళ్లు లేని చోట తొలి రెండేళ్లు గడిస్తే ఆ లోటు పూడ్చుకోవడం కష్టం.

ఫార్మా క్యూసీలో నీళ్ల శాంపిల్స్ పరీక్షించాలి, గదుల గాలిలో సూక్ష్మజీవులున్నాయేమో అవి పెరిగే జెల్లీ పోసిన ప్లేట్లు పెట్టి చూడాలి, మందులో సూక్ష్మజీవులేవీ లేవని తేల్చడానికి 14 రోజుల పాటు సాగే స్టెరిలిటీ టెస్టులు చేయాలి. ప్రతిదానికీ రాసిపెట్టిన పద్ధతి ఉంటుంది, చేసింది చేసినట్టు అప్పటికప్పుడే రికార్డులో రాయాలి. ఆ క్రమశిక్షణ చాలా విలువైనది, దాన్ని చులకన చేసేవాళ్ల మాట వినకండి. కాకపోతే అక్కడ ఎక్కువగా సూక్ష్మజీవి లేదని చూపించడమే పని. జీవ ఎరువుల కంపెనీలో దాన్ని పెంచాలి, రైతు చేతికి చేరేదాకా బతికించి ఉంచాలి.

మన నిబంధనల ప్రకారం రైజోబియం (పప్పుజాతి పంటలకు నత్రజని అందించే బ్యాక్టీరియా) ఎరువు పొడి రూపంలో ఉంటే గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలుండాలి, ద్రవమైతే మిల్లీలీటరుకు 10 కోట్లు. తయారైన రోజు ఆ లెక్క చూపించడం పెద్ద కష్టం కాదు. మే నెల ఎండల్లో డీలరు గోడౌన్‌లో పడి ఉన్న ప్యాకెట్లో కూడా అది ఉండాలి, అసలు తిప్పలన్నీ అక్కడే. మీ అమ్మాయి ఆ ప్యాకెట్లోంచి ఒక గ్రాము తీసి, పదింతల చొప్పున పలచన చేసుకుంటూ పోయి, ప్లేట్ల మీద వేసి, కొన్ని రోజుల తర్వాత కాలనీలు, అంటే బతికున్న కణాల నుంచి పెరిగిన చుక్కలు, లెక్కపెట్టాలి.

స్కేలప్, అంటే చిన్న ఫ్లాస్కు నుంచి పెద్ద ట్యాంకుకు మారడం, ఇంకా కష్టం. ఫ్లాస్కులో చక్కగా పెరిగిన బ్యాక్టీరియా వంద లీటర్ల ఫెర్మెంటర్‌లోకి వెళ్లేసరికి మొరాయిస్తుంది. ఆక్సిజన్ చాలదు. నురగ పొంగి ఫిల్టర్ తడిసిపోతుంది. అర్ధరాత్రి శాంపిల్ తీసి గ్రామ్ స్టెయిన్ అనే రంగులు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, పెంచుతున్న కడ్డీల్లాంటి బాసిల్లస్ బ్యాక్టీరియా మధ్యలో గుండ్రటి కణాలు గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి. వేరే క్రిములు చేరాయి, బ్యాచ్ పోయినట్టే. అవి సీడ్ ఫ్లాస్కులో పెంచి ఫెర్మెంటర్‌లో వేసే ఇనాక్యులంతో వచ్చాయా, సరిగ్గా స్టెరిలైజ్ కాని మీడియాలోంచా (బ్యాక్టీరియాకు పెట్టే ఆహార ద్రవం), గాలి లైన్లోంచా అన్నది పుస్తకం చూసి చెప్పలేం. "ముందు సీడ్ ఫ్లాస్కులోంచి ప్లేటు వేసి చూడమ్మా" అని చెప్పే మనిషి పక్కన ఉండాలి. సీనియర్ గురించి నేనింతగా పట్టుబడుతున్నది అందుకే. ఈ పని ఒకసారి చేతికి వస్తే, ఆ కంపెనీ ఉన్నా లేకున్నా వ్యాక్సిన్లు, ఎంజైములు, ప్రోబయాటిక్స్ తయారుచేసే చోట్ల పనికొస్తుంది.

ఇక డబ్బు సంగతి. బయోటెక్‌లో సరుకు మార్కెట్లోకి రావడానికే ఏళ్లు పట్టొచ్చు. వరప్రసాద్ రెడ్డి గారు హైదరాబాద్‌లో 1993లో మొదలుపెట్టిన శాంతా బయోటెక్నిక్స్ నుంచి హెపటైటిస్-బి వ్యాక్సిన్ బయటికొచ్చింది 1997లో. అన్నాళ్లూ జీతాలకు డబ్బు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి కదా. ఇప్పుడు చాలా చిన్న కంపెనీలు బయోటెక్ కంపెనీలకు తోడ్పడే ప్రభుత్వ సంస్థ బైరాక్ ఇచ్చే గ్రాంట్లతో మొదలవుతున్నాయి. వాటిలో అందరికీ తెలిసిన 'బిగ్' గ్రాంట్ కింద 50 లక్షల దాకా ఇస్తారు, గడువు 18 నెలలు. కాబట్టి అమ్మాయిని మొహమాటపడకుండా అడగమనండి: గ్రాంటు ఇంకా ఎన్ని నెలలుంది, ఆ తర్వాత జీతాలు దేంట్లోంచి ఇస్తారు? ఏడాదికి సరిపడా ఉందని లెక్కతో చెబితే చాలు. "ఇన్వెస్టర్లతో మాటలు నడుస్తున్నాయి" అని ఊరుకుంటే మాత్రం ఆగండి. కంపెనీ ఎప్పుడు రిజిస్టరైందో కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో మీరే చూసుకోవచ్చు. ఇంకోటి, 20 మంది కంటే తక్కువ ఉన్న సంస్థలకు పీఎఫ్ సాధారణంగా తప్పనిసరి కాదు. జీతంలో తేడా చూసేటప్పుడు దీన్నీ, ఆరోగ్య బీమా ఖర్చునూ కలిపి లెక్కేసుకోండి.

బ్యాక్టీరియా గురించి అంత భయం అక్కర్లేదు. ఈ ఎరువులకు ఎంచుకునే రకాలు పొలం మట్టిలో ఉండేవే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మామూలుగా జబ్బు చేయవు. జాగ్రత్తగా ఉండాల్సింది ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే, ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రం) దగ్గర. లోపల 121 డిగ్రీల ఆవిరి ఉంటుంది, ప్రెషర్ సున్నాకి దిగకుండా మూత తీయకూడదు. రోగం కలిగించే క్రిములతో పని ఉందంటే మాత్రం క్రిములు మనిషి మీదికి రాకుండా ఆపే బయోసేఫ్టీ క్యాబినెట్ ఉందా అని అడగాలి. చాలా ల్యాబుల్లో కనిపించే మామూలు లామినార్ ఫ్లో బల్ల అయితే వడపోసిన గాలిని ఎదురుగా కూర్చున్న మనిషి వైపే తోస్తుంది. ప్లేటును కాపాడుతుంది గానీ మనిషిని కాదు. ఫెర్మెంటర్ నడిచే రోజుల్లో రాత్రిపూట కూడా ఉండాల్సి వస్తుంది, అప్పుడు తోడు ఎవరుంటారో, ఇంటికి ఎలా పంపిస్తారో ముందే మాట్లాడుకోండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరడిగినా ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తెచ్చుకోవాలి. కంపెనీ రహస్యాలు బయటపెట్టనని సంతకం అడగడం మామూలే, పెట్టొచ్చు. రెండేళ్ల బాండు అడిగితే వద్దనండి.

జడ్చర్ల వాళ్లను జవాబుకి ఒక వారం గడువు అడగండి. ఈలోగా అమ్మాయిని స్టార్టప్‌కి వెళ్లి ఒక పూట ల్యాబ్ చూసి రమ్మనండి. పోయిన బ్యాచ్ రికార్డు చూపించమని, ఎందుకు పోయిందో చెప్పమని అక్కడి సీనియర్‌నే అడగమనండి. మీరూ వెంట వెళ్లొచ్చు, కానీ మాట్లాడేది అమ్మాయే మాట్లాడాలి.