‘యాక్చువల్లీ’కి బదులు ‘అసలు’ అనవచ్చా?

సందేహం: ‘యాక్చువల్లీ’ లేనిదే మా ఆఫీసులో ఎవరికీ మాట పెగలదు. దాని బదులు ‘అసలు’ అనవచ్చా? అది ఉర్దూ మాటనీ, ‘వాస్తవానికి’ అంటేనే తెలుగనీ ఒకరంటున్నారు. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ‘అసలు’ అరబ్బీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా వచ్చింది. ‘అస్ల్’ అంటే వేరు, మూలం. వడ్డీకి మూలమైన సొమ్మును అసలు అనడం అందుకే. అయితే ‘వాస్తవం’, ‘నిజం’ కూడా సంస్కృతం నుంచి తెచ్చుకున్నవే. సంస్కృతంలో ‘నిజ’ అంటే తనది, సొంతం. పుట్టుకను బట్టి వెలివేస్తే మూడింటినీ వెలివేయాలి.

‘యాక్చువల్లీ’కి మూలం లాటిన్‌లో ‘చేయు’ అనే అర్థమున్న ‘అగెరె’. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు ‘చేతల్లో’ అని అర్థం. అదే ‘నిజంగా’ అయింది. ఫ్రెంచిలో మాత్రం ఈ మాటకు నేడు ‘ప్రస్తుతం’ అని అర్థం. చివరి ‘లీ’ అనేది ‘ఒళ్లు, ఆకారం’ అని అర్థమున్న పాత ఇంగ్లిష్ మాట అరిగిపోగా మిగిలిన తునక. మన ‘నిజంగా’లోని ‘గా’ కూడా అలా అరిగిందే, ‘అగు’ ధాతువు నుంచి.

ఇక వాడుక. ‘అసలు’తో చిక్కంతా వ్యతిరేక క్రియ దగ్గరే. ‘యాక్చువల్లీ నేను మీటింగ్‌కి రాలేదు’ అనేదాన్ని ‘నేను మీటింగ్‌కి అసలు రాలేదు’ అంటే ‘బొత్తిగా రాలేదు’ అని అర్థం మారుతుంది. ఒత్తి ‘అస్సలు’ అంటే ఇక అనుమానమే ఉండదు. అక్కడ ‘నిజానికి నేను రాలేదు’ అనాలి. ప్రశ్నలో మాత్రం ‘అసలు’ను మించినది లేదు: ‘అసలేం జరిగింది?’

రాడనుకున్నవాడు వస్తే ‘నిజంగానే వచ్చాడు’. అనుకున్నది తారుమారైతే ‘తీరా’ ఎంత చక్కని మాట! ‘తీరా వెళ్తే బ్యాంకు మూసి ఉంది.’ ఎదుటివారి పొరపాటు దిద్దడానికి చివర ‘కదా’ చాలు: ‘ఇవాళ మంగళవారం కదా!’ ‘వాస్తవానికి’ వ్యాసాల్లో బాగుంటుంది, ఫోన్లో అంటే బిగుసుకున్నట్టుంటుంది.

మీ ఆఫీసులో బహుశా ఎక్కువగా వినబడేది, ‘కాదు’ అని చెప్పేముందు మెత్తగా ఎత్తుకునే ‘యాక్చువల్లీ’. దానికి ‘ఏంటంటే’ ఉంది: ‘ఏంటంటే, రేపు నాకు కుదరదండీ.’ ‘యాక్చువల్లీ నాకు తెలీదు’ వంటి చోట్ల బదులు మాటే అక్కర్లేదు. ‘నాకు తెలీదండీ’ అంటే ఆ మెత్తదనం ‘అండీ’లోనే వచ్చేస్తుంది.