మల్లె గుబురుగా ఉంది, మొగ్గ మాత్రం లేదు

మీరు చెప్పినవి చూస్తే, విశాఖ ఎంవీపీ కాలనీలో డాబా మీద మూడేళ్ల మల్లె, 14 అంగుళాల కుండీ, రోజూ నీళ్లు, పదిహేను రోజులకోసారి యూరియా. ఫిబ్రవరి చివరికొచ్చినా మొగ్గ లేదు. కారణం ఆ రోజూ పోసే నీళ్లు, ఆ యూరియా, ఈ రెండే అండీ. మల్లె కొత్త చిగురు చివరే పూస్తుంది. చలికాలంలో నీళ్లు ఆపి మొక్కను ఎండగట్టకపోతే పాత కొమ్మలే ఆకులేసుకుంటూ కూర్చుంటాయి. యూరియా ఆ ఆకుల్నే పెంచుతుంది.

జనవరిలో చేయాల్సిన పని, ఇప్పుడైనా చేయండి. ఆకు వాడే దాకా నీళ్లు ఆపండి. కుండీలో వారం చాలు. ఎండిన, సన్నటి పుల్లలు తీసేసి, మిగతా కొమ్మల్ని మూడో వంతు కత్తిరించి, ఆకంతా చేత్తో దూసేయండి. పైమట్టి రెండు అంగుళాలు గొప్పు తవ్వి తీసి, రెండు గుప్పిళ్ల మాగిన పశువుల ఎరువు, 50 గ్రాముల ఎముకల పొడి కలిపి నింపి, కింది రంధ్రంలోంచి కారేదాకా ఒక్కసారి నీళ్లు పోయండి.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఆకు లేని మొక్క నీళ్లు పెద్దగా తాగదు. రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది. చిగురు కనిపించేదాకా పైమట్టి ఆరితేనే పోయండి.

బూడిద వేయమంటారు కొందరు. మీది ఉప్పు బోరునీళ్లయితే వద్దు. సముద్రపు గాలికి ఆకులపై ఉప్పు పేరుకుంటుంది, వారానికోసారి మంచినీళ్లతో కడగండి. ఎండ కనీసం ఐదారు గంటలు తగలాలి.

నెల, నెలన్నరలో మొగ్గలొస్తాయి. అవి ఊదారంగు తిరిగి రాలితే పురుగు తొలిచినట్టే. వాటిని కోసి పారేసి, లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి.