కొత్త బ్యాటరీ వేసినా జీపు స్టార్ట్ కాకపోవడం గురించి

కొత్త బ్యాటరీ వేయించినా, తిరుపతి నుంచి తలకోన వెళ్లి వచ్చిన మర్నాడే మీ పాత డీజిల్ జీపు మొరాయించిందనీ, తాళం తిప్పినప్పుడు చార్జింగ్ లైటు వెలగడం లేదనీ రాశారు. నా అనుమానమంతా ఆ లైటు మీదే. చాలా పాత బండ్లలో ఆ బల్బు గుండా వెళ్లే కొద్దిపాటి కరెంటుతోనే ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసే యంత్రం) పని మొదలుపెడుతుంది కనుక, బల్బు మాడినా, దాని వైరు తెగినా కొత్త బ్యాటరీకి కూడా చార్జింగ్ అందకపోవచ్చు. ముందు బల్బు మార్చి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరు (వోల్టేజీ కొలిచే పరికరం) పెట్టి చూడండి, సుమారు 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. రాకపోతే ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు బిగువు, ఆపైన దాని లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు చూపించండి. అడవి దారుల కుదుపులకు ఇంజను ఎర్త్ పట్టీ (ఇంజనును బండి బాడీకి కలిపే లోహపు పట్టీ) కూడా వదులవుతుంది. బోల్టు విప్పి, కింద చిలుము ఉంటే ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది బిగించండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూడమని ఏ మెకానిక్ చెప్పినా ఒప్పుకోకండి, ఆల్టర్నేటర్‌లోని కరెంటును ఒకే దిశలో పంపే డయోడ్లు కాలిపోయే ప్రమాదముంది.